శాసనము - సాక్షి

శాసనమను పదమునకు మన భాషలో రెండర్థములు కలవు. రాతిమీదనో రాగిరేకుమీదనో చెక్కించిన రాజాజ్ఞ యొకటి. ప్రజాప్రతినిధులు సభలో కూర్చుండి చేయు చట్టము రెండవది. మేము బడిపంతులుగా కాలము గడుపుచున్న పెదవేగిలో ఈ రెండర్థములును తరచుగా కలిసికొనుచుండును. ఏలూరికి ఉత్తరముననున్న యీ గ్రామమే శాలంకాయనుల రాజధానియైన వేంగీపురమని చరిత్రకారుల నిర్ణయము. ఆ రాజుల తామ్రశాసనములలో నొకటి యీ యూరి పేరుతోనే ప్రసిద్ధమైనది.

ప్రాచీన దానశాసనములను చదివినవారికి వాని కట్టుబాటు తెలియును. దాత యెవరు, గ్రహీత యెవరు, భూమి యెక్కడిది, హద్దు లెవ్వి యని ముందుగా చెప్పి, తుదిని ఈ ధర్మమును చెరచినవాడు నరకమున బడునని శాపము పలుకుట పరిపాటి. ఆ శాపమును మూఢవిశ్వాసమని నవ్వి త్రోసివేయుట సులభము. కాని అందొక లోకజ్ఞానము దాగియున్నది. హక్కు నిచ్చితిమని చెప్పినంతమాత్రమున చాలదు. దానిని కాదన్నవాడు ఎవరికి జవాబు చెప్పవలెనో, ఏమి యనుభవింపవలెనో కూడ చెప్పవలెనని ఆ శాసనకర్తలెరుగుదురు.

ఈ విషయము మాకు మరల తోపించినది తొమ్మిదవ తరగతి బాలిక యొకతె. అమెరికాలో నల్లజాతివారికొరకు పౌరహక్కుల చట్టము 1964వ సంవత్సరమున వచ్చెనని పాఠము చెప్పుచుండగా, "మరి మనకెప్పుడు వచ్చిందండీ మాస్టారూ?" అని యడిగెను. 1955లోనే వచ్చెనని మేము కొంత గర్వముతోనే చెప్పితిమి. ఆ బాలిక క్షణమాత్రమాలోచించి, "అయితే మనమే ముందన్నమాట. మరి మా తాతయ్య మీ వీధి అరుగుల మీద కూర్చోడేమండీ?" అనెను. మేమప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆలస్యముగానైనను చెప్పవలెనను తలంపుతో ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట అమెరికా సంగతి చూతము. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన వెనుక, 1866వ సంవత్సరమున ఆ దేశపు కాంగ్రెసు అధ్యక్షుడు ఆండ్రూ జాన్సను నిషేధమును త్రోసిరాజని తొలి పౌరహక్కుల చట్టమును చేసెను. ఒడంబడికలు చేసికొనుట, దావాలు వేయుట, ఆస్తి కొనుట అమ్ముట మున్నగు విషయములలో నల్లవారికిని తెల్లవారికిని సమానమైన అధికారము కలదని అది చెప్పెను. 1868లో రాజ్యాంగమునకు పదునాలుగవ సవరణ వచ్చెను. 1875 మార్చి 1వ తేదీని వచ్చిన చట్టము మరియొక యడుగు ముందుకు వేసెను. సత్రములు, బండ్లు, పడవలు, నాటకశాలలు అందరికిని సమానముగా తెరచియుండవలెననియు, కాదన్నవాడు అవమానితునికి 500 డాలర్లు చెల్లింపవలెననియు విధించెను. ఇందు హక్కును కలదు, కాదన్నవాని గతియు కలదు.

అయినను ఆ చట్టము ఎనిమిదేండ్లకే చచ్చెను. 1883లో ఆ దేశపు సుప్రీముకోర్టు, పదునాలుగవ సవరణ రాష్ట్రప్రభుత్వములను మాత్రమే బంధించును గాని, సత్రపు యజమానిని, నాటకశాల యధికారిని బంధింపజాలదని తీర్పు చెప్పెను. ఎనమండుగురు న్యాయమూర్తులు ఒకవైపు. జాన్ మార్షల్ హార్లన్ ఒక్కడు మరియొకవైపు. 1896లో ప్లెస్సీ వ్యాజ్యెమున, రైలుబండిలో నల్లవారికి వేరు పెట్టె యుంచినను సమానముగా నుంచిన దోషము లేదని అదే న్యాయస్థానము పలికినప్పుడును, అసమ్మతి తెలిపినవాడు హార్లన్ ఒక్కడే. ఆ తరువాత దక్షిణ రాష్ట్రములలో బడులు, బండ్లు, నీటికుళాయిలు, శ్మశానములు రెండేసిగా విడిపోయెను. చట్టము పుస్తకమున నుండి, జనుల నడవడి దానికెదురుగా నడచుటకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము దొరకదు.

ఇక మన దేశమునకు వత్తము. మనకు వేరు పెట్టెల చట్టము ఏనాడును లేదు. చట్టము లేకయే ఆ పని జరుగుచుండెను. గోదావరి డెల్టాలోను కొల్లేటి ప్రాంతమునను పెక్కుయూళ్లకు కాలువనీటితో నింపిన మంచినీళ్ల చెరువే ఆధారము. ఆ చెరువునకు కులమునకొక రేవు. మెట్టయూళ్లలో చేదబావులు, ఆ బావుల చప్టామీద కాలుపెట్టరానివారు కడవలతో దూరముగా నిలువబడి, ఎవరైన దయదలచి పోయువరకు కాచుకొనియుండవలెను. దీనికి రాజాజ్ఞ అక్కరలేకపోయెను. ఆచారమే శాసనము, ఊరే పోలీసు.

ఈ స్థితిని కాదని తలయెత్తినవారు మొట్టమొదట ఆ బాధ ననుభవించినవారే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతను జరిగిన పంచమ మహాజనసభలో, పంచములను పేరు తమకక్కరలేదని, తాము ఆది ఆంధ్రులమని వారు ప్రకటించుకొనిరి. 1924లో చెన్నపురి శాసనమండలిలో ఆర్. వీరయ్యన్ ప్రతిపాదించిన తీర్మానము సర్కారు బాటలు, బావులు, చెరువులు అందరికిని తెరచియుండవలెనని పలికెను. 1933 డిసెంబరులో గాంధీమహాత్ముడు హరిజనయాత్రలో ఆంధ్రదేశమున పర్యటించెను. తుదకు 1938లో ఎం. సి. రాజా ప్రయత్నమున చెన్నరాష్ట్ర శాసనసభ పౌర అనర్హతల నిర్మూలన చట్టమును చేసెను. ఏటిలోను, బావిలోను, బాటమీదను, ప్రభుత్వధనముతో నడచు సంస్థలలోను హరిజనుల నెవ్వరును అడ్డగింపరాదనియు, అడ్డగించు ఆచారమును న్యాయస్థానములు మన్నింపరాదనియు దాని సారము. అప్పటికి పశ్చిమగోదావరి జిల్లా చెన్నరాష్ట్రములోనిదే గనుక, మా పెదవేగికిని ఈ చట్టము వర్తించినది. 1947లో దేవాలయ ప్రవేశమునకును చట్టము వచ్చెను.

ఇచ్చట రెండు దేశముల కథలు కలిసికొనుచున్నవి. డాక్టర్ అంబేడ్కరు 1913 మొదలు 1916 వరకు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదివినవాడు. రాజ్యాంగసభకొరకు 1947లో ఆయన సిద్ధపరచిన విజ్ఞాపనలో, సత్రములలోను, బాటలలోను, బావులకడను సమానాధికారము నడ్డగించుట నేరముగా నెంచవలెనని కోరి, ఆ నిబంధనకు మూలము అమెరికా వారి 1866, 1875 సంవత్సరముల పౌరహక్కుల చట్టములేయని తానే వివరించెను. 1883లో తన దేశమునందే చంపబడిన చట్టమును ఆయన మన దేశమునకు తెచ్చి మరల బ్రతికింప జూచెను. అంతటితో నాగక, సాంఘిక బహిష్కారమును నేరముగా చేయు నిబంధనను బర్మాదేశపు 1922వ సంవత్సరపు చట్టమునుండి గ్రహించెను. మన పల్లెలలో దెబ్బకన్న వెలి యెక్కువ బాధించునని ఆయనకు తెలియును.

రాజ్యాంగమున ఆ తలంపు ఎట్లు ఫలించెనో చూడుడు. అస్పృశ్యతను రద్దుచేయు నిబంధనను రాజ్యాంగసభ 1948 నవంబరు 29వ తేదీని ఆమోదించెను. అది నేటి 17వ అధికరణము. 15వ అధికరణపు రెండవ భాగము అంగళ్లను, హోటళ్లను, ప్రజలకొరకైన బావులను, చెరువులను, స్నానఘట్టములను, బాటలను పేరుపేరున చెప్పుచున్నది. అమెరికా సవరణ ప్రభుత్వముతో మాటలాడినది; మన రాజ్యాంగము అంగడివానితోను, బావికడ నిలిచినవానితోను కూడ మాటలాడినది. సత్రపు యజమానిని బంధింపజాలదన్న 1883 నాటి వాదమునకు ఇచ్చట చోటులేకుండ చేసినది.

ఈ యధికరణము ననుసరించి వచ్చినదే 1955వ సంవత్సరపు అస్పృశ్యతా నేరముల చట్టము. అది ఆ యేడు జూను 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. గుడి, బడి, వైద్యశాల, అంగడి, హోటలు, అందలి పాత్రలు, బావి, రేవు, శ్మశానము అన్నియు అందు చేరినవి. వెలివేయుటయు నేరమయ్యెను. అన్నిటికన్న గొప్ప నిబంధన పండ్రెండవది. దళితునిపట్ల అట్టి కార్యము జరిగెనని తేలినచో, అది అస్పృశ్యతా కారణముననే జరిగెనని న్యాయస్థానము తలంపవలెను. కాదని నిరూపించు భారము ముద్దాయిదే. మనస్సులోని యుద్దేశమును నిరూపించుట యెంత కష్టమో యెరిగినవారు చేసిన నిబంధన యిది.

కాని ఆ చట్టమున లోపములును గలవు. నేరము రుజువైనను కొద్ది జరిమానాతో విడిచిపెట్టవచ్చును. న్యాయస్థానపు అనుమతితో రాజీపడవచ్చును. పల్లెలో రాజీ యనగా నేమో మనకు తెలియనిది కాదు. కూలి యిచ్చువాడు ముద్దాయి, కూలి పుచ్చుకొనువాడు ఫిర్యాదిదారు. పెద్దలు నడుమ కూర్చుండి, పోనిమ్మనిపింతురు. 1968లో కృష్ణాజిల్లా కంచికచర్లలో దళిత యువకుని నొకనిని సజీవముగా దహించిన ఘోరము దేశమునెల్ల కలవరపెట్టినది. 1969లో ఎల్. ఇళయపెరుమాళ్ అధ్యక్షతనున్న సంఘము అస్పృశ్యతపై నివేదిక నిచ్చెను. తరువాత 1976లో చట్టమును సవరించి, పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. రాజీ తీసివేయబడెను. నెలదినములకు తక్కువకాని కారాగారము, నూరు రూపాయలకు తక్కువకాని జరిమానా విధింపబడెను. విచారణను బుద్ధిపూర్వకముగా ఉపేక్షించు ఉద్యోగియు నేరమునకు సహాయపడినవాడుగనే యెంచబడునని చేర్చిరి. మా విద్యార్థినికి మేము మరియొకసారి పాఠము చెప్పవలసివచ్చినచో, పౌరహక్కులను పేరు మన చట్టమునకు వచ్చినది 1976లోనని సరిదిద్దవలసియున్నది.

ఈ నడుమ అమెరికాలో చచ్చిన చట్టము మరల లేచెను. 1954 మే 17వ తేదీని, నల్లపిల్లలకు వేరుబడులు సమానములు కాజాలవని అచ్చటి సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. మంట్‌గోమరీ నగరమున 1955 డిసెంబరునుండి ఏడాదికి పైగా నల్లవారు బస్సులెక్కక నడచిరి. 1960లో గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు తమకు వడ్డింపని భోజనపు బల్లకడ కదలక కూర్చుండిరి. 1964 జూలై 2వ తేదీని వచ్చిన చట్టము 1875 నాటి సత్రములను మరల తెరచినది. అయితే ఈసారి కాంగ్రెసు వాణిజ్యమును క్రమపరచు అధికారమును ఆధారము చేసికొనెను. ఆ సంవత్సరమే సుప్రీముకోర్టు దానిని నిలిపెను. 1883నుండి 1964వరకు 81 సంవత్సరములు! నల్లవారి మూడుతరములు మూసిన తలుపుల యెదుట నిలిచిరి. 1965లో వచ్చిన ఓటుహక్కు చట్టములోని ముఖ్యభాగమొకటి 2013లో మరల కొట్టివేయబడెను. ఒకసారి గెలిచిన హక్కు ఎల్లకాలము గెలిచినట్లే యనుకొనుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

మన కథయు అట్లే ముందువెనుకలుగా నడచినది. 1985 జూలై 17వ తేదీని ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు చంపబడిరి. ఆ కలహమునకు మొదలేమి? త్రాగునీటి చెరువులో మురికి కలుపవద్దని దళితులు అడ్డుచెప్పుట! చెరువు అందరిదని 1938లోనే చట్టము చెప్పినది. నలుబదియేడేండ్ల తరువాత ఆ చెరువు నీరు శుభ్రముగా నుండవలెనని నోరువిప్పినందుకు ప్రాణములు పోయినవి. ఆ పిమ్మట దళిత మహాసభ వెలసెను. 1989లో వచ్చిన అత్యాచారముల నిరోధక చట్టము 1990 జనవరి 30వ తేదీనుండి అమలయ్యెను. ప్రత్యేక న్యాయస్థానముల కది మార్గము చూపెను. 1991 ఆగస్టు 6వ తేదీని గుంటూరు జిల్లా చుండూరులో, సాంఘిక బహిష్కారము పెట్టిన పిదప, ఎనమండుగురు దళితులు వధింపబడిరి. ప్రత్యేక న్యాయస్థానము ఆ యూరనే కూర్చుండి విచారించి, 2007లో ఇరువదియొక్కరికి యావజ్జీవ కారాగారమును విధించెను. 2014లో ఉన్నత న్యాయస్థానము, నిరూపణ చాలదని, వారినందరిని విడుదలచేసెను.

నిరూపణ చాలదను మాటకడ పాఠకులు కొంచెము నిలువవలెనని మా ప్రార్థన. పండ్రెండవ నిబంధన ఉద్దేశమును నిరూపించు భారమును తొలగించినది. కాని చేద లాగినది చూచితినని చెప్పు మనుష్యుని అది సృష్టింపజాలదు. కర్ణాటకమున దళితులను క్రొత్తగా త్రవ్విన బోరుబావికడ తుపాకి చూపి అడ్డగించిన వ్యాజ్యెమున, ఉన్నత న్యాయస్థానము ముద్దాయిలను విడిచిపెట్టగా, 1992లో సుప్రీముకోర్టు శిక్షను మరల నిలిపెను. ఆ తీర్పు చెప్పిన యిద్దరిలో ఒకరు మన తెలుగువారైన న్యాయమూర్తి కె. రామస్వామి. అచ్చటను బావికడ జరిగినది చెప్పుటకు వెనుదీయనివారు కొందరుండుటచేతనే శిక్ష నిలిచెను. శాసనము ఢిల్లీలో పుట్టును. సాక్షి మాత్రము ఊరిలోనే పుట్టవలెను.

ఈ మాట నితరులకు చెప్పుటకు ముందు మా తప్పును చెప్పుకొనవలెను. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక పల్లెలో టీ దుకాణమునందు పత్రిక చదువుకొనుచుంటిమి. ఒక దళిత యువకుడు తనకిచ్చిన వేరు గ్లాసును తిరస్కరించి, అందరికిచ్చు గ్లాసులోనే టీ యిమ్మనెను. మాటకు మాట పెరిగెను. గ్లాసు నేలబడెను, యువకుడు వీధిలోనికి నెట్టబడెను. మరునాడు పోలీసు వచ్చి యడుగగా, "పేపరు చూసుకుంటున్నానండి, గమనించలేదు" అని చెప్పితిమి. అచ్చట నున్నవారందరును ఏదో యొక పత్రికయే చదువుకొనుచుండిరి! కేసు నిలువలేదు. ఆ యువకుడు మరి కొన్ని దినములకు ఊరువిడిచిపోయెనని వింటిమి. చట్టమున లోపము లేదు. ఆ దినమున లోపము మాలోనిది.

అంత సంకోచము మాకెక్కడనుండి వచ్చెనని తరువాత విచారించుకొంటిమి. మా చిన్ననాడు ఇంటి వెనుక వసారా చూరులో ఒక సత్తుగ్లాసు దోపియుండెడిది. పొలము పనికి వచ్చినవారు దానిని తామే తీసికొని, త్రాగి, కడిగి, మరల చూరులో దోపి పోయెడివారు. ఎవ్వరును ఎవ్వరిని తిట్టలేదు, కొట్టలేదు. మా నాయనమ్మ వారికి కడుపునిండ అన్నము పెట్టెడిది. ఆమెను దయగలతల్లి యని ఊరెల్ల కొనియాడెడిది. ఆ గ్లాసు నెవ్వరును ప్రశ్నింపకపోవుటచేతనే, టీ దుకాణములోని గ్లాసు మాకంత వింతగా తోపలేదు. కోర్టు మా వసారాలోనికి రాజాలదు. రావలెననియు మేము కోరము. కాని సాక్ష్యము చెప్పలేని పౌరుడు తయారగునది ఆ వసారాలోనే.

మనము పైకెక్కి చూచునప్పుడు క్రిందివాని బాధ తెలియదు. మనలను మరియొకడు క్రిందికి త్రోసినప్పుడే తెలియును. అమెరికా చరిత్రలోనే దీనికొక దృష్టాంతము కలదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అను భారతీయుడు, తాను ఆర్యజాతిలో పుట్టిన ఉన్నతకులస్థుడను గనుక తెల్లవానిగా నెంచి పౌరసత్వమీయవలెనని అచ్చటి సుప్రీముకోర్టున వాదించెను. న్యాయస్థానము ఒప్పుకొనలేదు. సామాన్యజనుల దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడని త్రోసివేసెను. ఆ యేడే మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టను చేరెను. లోకమునకు గొప్ప మందుల నందించిన యా శాస్త్రజ్ఞునికి, 1946లో చట్టము మారువరకు, పౌరసత్వము కోరు నర్హతయే లేకపోయెను. కులము చూపి అచ్చట లోనికి పోజూచిన మనవారికి, వర్ణము చూపి తలుపు మూసిరి. ఈ కథలో మనకు వచ్చు కోపము న్యాయమైనదే. ఆ కోపములో సగమైనను మన యూరి చెరువుగట్టున ఉపయోగించితిమా యని యడుగుకొనవలెను.

మన రాష్ట్రమున ప్రతిమాసము 30వ తేదీని పౌరహక్కుల దినముగా పాటించు నేర్పాటు కలదు. రెవిన్యూ, పోలీసు అధికారులు దళితవాడకు వచ్చి, ఊరిలో వివక్ష యేమైన నున్నదాయని విచారింతురు. ఆ సభకు వాడలోనివారు పోవుదురు; ఊరిలోనివారు తమకు సంబంధము లేదని యింట కూర్చుందురు. మాకు తోచినంతలో ఆ సభకు ముఖ్యముగా పోవలసినది ఊరివారే. చూచినది చూచినట్లు చెప్పవలసినది వారు గదా!

మా పెదవేగిలో మట్టిదిబ్బల క్రిందినుండి వేంగి యిటుకలు నేటికిని బయటపడుచునే యున్నవి. శాపవాక్యములతో భూమికి కాపుపెట్టిన రాజుల రాజ్యమేదియు నిలువలేదు. ఒక గ్రామమున న్యాయము నిలుచుట రాగిరేకువలనను కాదు, అచ్చుపుస్తకమువలనను కాదు. అడ్డగింపబడినవాని ప్రక్కను మరియొకడు వచ్చి నిలుచుటవలన. ఇది వ్రాయునప్పటికి ఆ బాలిక తాతగారిని మా యరుగుమీదికి పిలిచియుంటిమి. ఆయన మొదటిదినము రాలేదు. రెండవదినము వచ్చి, మెట్టుమీదనే నిలిచి మాటలాడి వెడలిపోయెను. మూడవదినమున కూర్చుండెను. మా యింటిలో అందరు త్రాగు గ్లాసులోనే ఆయనకు కాఫీ యిచ్చితిమి. ఇందు గొప్పపని యేదియు లేదు. ఇరువదియేండ్ల క్రిందట ఒక పోలీసునకు చెప్పవలసిన సమాధానములో ఇది మొదటి మాట మాత్రమే.